పదకొండో నంబర్ మంచం

పదకొండో నంబర్ మంచం మీద పడుకున్న మనిషి లేచి నడిచిపోవడం అదివరకు ఎవరూ చూడలేదు.

వరంగల్‌లో ఒక దవాఖాన. పేరెందుకు లెండి. దాని క్యాజువాలిటీలో చిట్టచివర, గోడ మూలన ఉంటుంది ఆ మంచం. రాత్రి డ్యూటీ సిస్టర్లు అటు వీపు పెట్టి కూర్చోరు. ఆయమ్మలు ఆ మూల తుడవాలంటే ఇద్దరిద్దరు పోతారు. మంచాలు లేక అది ఇస్తామంటే, తెలిసినవాళ్లు — "వద్దు సారూ, కిందనే చాప ఏసుకుంటం" అంటారు.

దయ్యాల మాటంటే నాకు ఒళ్లు మంట. ఎవరి మీద ఆశ లేదో వాళ్లను తీసుకుపోయి ఆ మూలన పడేసేది మనుషులు. వాళ్లు పోతే చెడ్డపేరు మంచానికి! మిషన్లు ఎందుకు సరిపోవు, డాక్టర్లు ఎందుకు సరిపోరు అని అడగడానికి ఒక్కడికీ నోరు రాదు. దయ్యం ఉందని చెప్పడానికి మాత్రం అందరికీ వస్తుంది. ఈ ముక్క మీద నేను చాలామందితో కొట్లాడాను.

సోమక్క ఈ సంగతి చెప్పిన తర్వాత మాత్రం కొట్లాడటం మానేశాను.

సోమక్క అక్కడ ఇరవై ఏళ్లుగా ఆయమ్మ. అబద్ధం ఆడే మనిషి కాదు, అంత ఓపిక ఆమెకు లేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పోయిన వానకాలం. పత్తి గింజలు పెట్టే రోజులు. ఆ రాత్రి క్యాజువాలిటీలో శ్రావణి అనే డాక్టరమ్మ ఉంది. సుబేదారిలో ఉండే పిల్ల, చదువు అయిపోయి రెండేళ్లు. పొద్దున ఎనిమిదికి ఎక్కిన డ్యూటీ. సాయంత్రం ఆమె చోట ఎక్కవలసిన డాక్టర్ రాలేదు. రాత్రి తొమ్మిదైనా ఆమె నిలబడే ఉంది.

"మేడం, ఈ చాయ్ తాగు. లేకుంటే నిన్నే పదకొండో మంచం మీద పండవెట్టాల్సి వస్తది," అంది సోమక్క.

"పండవెట్టు సోమక్కా. జర నిద్రన్న పోత."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రాత్రికి అదే ఆఖరి నవ్వు.

పదింటికి మట్టెవాడ కిరాణా వ్యాపారి కిషన్ రావును తెచ్చారు. గుండెపోటు. ఊపిరి అందడం లేదు. ఖాళీగా ఉన్న వెంటిలేటర్ ఒక్కటే. అది ఆయనకు పెట్టింది.

ఇరవై నిమిషాలకు ఆటోలో మహిపాల్ వచ్చాడు. నర్సంపేట అవతల ఏదో పల్లె, కూలి చేసుకు బతికే మనిషి. ముప్పై దాటి ఉండవు. వెంట భార్య రమ, చిన్నాయన ఉప్పలయ్య.

"ఏమైంది?"

"మబ్బుల, తెల్లారకముందే లేచి కడుపు నొస్తుందన్నడు మేడం," అంది రమ. "సోడా తాగిపిచ్చినం. పొద్దుమీకి కండ్లు మూతలు వడ్డయ్. మాట ముద్దముద్ద అయింది. గేటు కాడికి వచ్చినంక ఊపిరి ఆడుతలేదు..."

గుండె కొట్టుకుంటోంది. ఊపిరి లేదు. డాక్టరమ్మ గొంతులో గొట్టం వేసింది. రెప్పలెత్తి లైటు కొట్టింది. కంటిపాప చలించలేదు. గట్టిగా గిచ్చింది, సూదితో గుచ్చింది. వేలు కూడా కదల్లేదు.

"ఆ మిషన్ వీనికి పెట్టరాదు మేడం?" అన్నాడు ఉప్పలయ్య, కిషన్ రావు వైపు చూస్తూ.

ఆమె కూడా అటే చూసింది. కిషన్ రావు కళ్లు తెరిచే ఉన్నాడు. కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మిషన్ తీస్తే ఆయన చస్తాడు. తీయకపోతే... ఇతనేమో ఇప్పటికే పోయినట్టున్నాడు. ఇరవై ఏడేళ్ల పిల్ల నెత్తిన పెట్టాల్సిన బరువేనా ఇది? ఇంట్లో ఉన్న పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది.

"కంటిపాప కదుల్తలేదంటే మెదడు పోయినట్టే. చివరి మంచానికి మార్చు. వాళ్లకు చెప్పెయ్."

ఫోన్ పెట్టేశాడు.

మహిపాల్‌ను పదకొండో మంచం మీదికి మార్చారు. గొట్టానికి రబ్బరు సంచి తగిలించారు. మిషన్ లేని చోట మన దగ్గర అదే మిషన్ — చేత్తో నొక్కితే లోపలికి గాలి పోతుంది. నొక్కడానికి మనుషులు లేరు గనక పేషెంట్ తాలూకు వాళ్ల చేతికే ఇస్తారు.

"నేను చెప్పేదాక ఆపొద్దమ్మా," అంది డాక్టరమ్మ.

రమ నొక్కడం మొదలుపెట్టింది. ఫుస్... ఫుస్...

ఒంటిగంట దాటింది. ఉప్పలయ్య మెల్లగా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా... ఉన్నదున్నట్టు చెప్పు. బతుకుతడా?"

"కష్టం పెద్దాయనా."

"గట్లయితే కాయితం రాసియ్యి. ఊపిరి ఉండంగనే ఇల్లు చేరుస్తం. పానం ఈడ పోతే ఊళ్లెకు రానియ్యరు. వీని నాయిన, మా అన్న, గిట్లనే బయట పోయిండు. పొలిమేర అవతల వానల పండవెట్టినం. వీనికి ఆ గతి పట్టనియ్య."

మనవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బయట పోయినవాణ్ని ఇంట్లోకి తేరాదంటారు. అందుకని సంచి నొక్కుకుంటూ అంబులెన్సులో తీసుకుపోతారు. గడప దాటిస్తారు. చాప మీద పడుకోబెడతారు. చుట్టాలంతా ఒకసారి చూసుకుంటారు. అప్పుడు... నొక్కడం ఆపుతారు. ఇంట్లోనే పోయాడు అనిపించుకోవాలి గదా. ఆపే చేతులు కన్నవాళ్లవో, కట్టుకున్నదానివో. ఆ చేతుల గురించి ఎవరూ మాట్లాడరు.

డాక్టర్లకూ తెలుసు. 'మా ఇష్టంతో తీసుకుపోతున్నాం' అని సంతకం తీసుకుని పంపుతారు. శ్రావణి కూడా పంపింది. ఎంతమందినో ఆమెకే గుర్తు లేదు. తప్పని ఎవరూ అనలేదు. ఒప్పని కూడా ఎవరూ అనలేదు.

కాయితం రాసింది. ఉప్పలయ్య సంతకం పెట్టాడు. బయట అంబులెన్సు స్టార్టయింది. ఇక ఆమె సంతకం ఒక్కటే మిగిలింది. పెన్ను పట్టుకుంది —

"బిడ్డా... వీడు ఉన్నడు."

వీపు వెనక. చెవికి ఆనుకుని అన్నంత దగ్గరగా.

గిర్రున తిరిగింది. వెనక ఎవరూ లేరు. దూరంగా మూల మంచం... రమ... ఫుస్... ఫుస్...

"సోమక్కా, పిలిచినవా?"

"నేనెందుకు పిలుస్త? నోట్ల వక్క ఉన్నది."

"రమా, నువ్వేమన్న అన్నవా?"

రమ తల అడ్డంగా ఊపింది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఉన్నడు... ఉన్నడు..."

ఆడ గొంతు. ముసలి గొంతు. అరిచి అరిచి అలసిపోయిన గొంతు.

సోమక్కకు ఏమీ వినబడలేదు. డాక్టరమ్మ ముఖంలో నెత్తురు దిగిపోవడం మాత్రం కనబడింది. ఆమె మూల వైపు నడవబోతే సోమక్క చెయ్యి పట్టి ఆపింది.

"అటు పోకు మేడం. సంతకం పెట్టు, పంపియ్యి. నీకేం ఫికర్? తెల్లారితే డ్యూటీ దిగుతవు."

ఒక్క క్షణం ఆగింది శ్రావణి. నిజమే. ఎవరూ అడగరు. పెద్ద డాక్టర్ చెప్పాడు, ఇంటివాళ్లు ఒప్పుకున్నారు.

"చెయ్యి వదులు సోమక్కా."

మంచం దగ్గరికి పోయింది. మహిపాల్ రెప్పలెత్తింది. మళ్లీ అదే కదలని చూపు.

"రమా, నిన్న రాత్రి ఎక్కడ పండుకున్నడు?"

"ఉక్కపోస్తుందని కిందనే ఒరిగిండు మేడం. చాప గూడ ఎయ్యలే."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

వానకాలంలో నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరుస్తుంది. కరిచినట్టు తెలియదు, గాటు కనబడదు. పొద్దున కడుపునొప్పి. ఆ తర్వాత రెప్పలు, నాలుక, ఊపిరి... వరసగా పడిపోతాయి. కంటిపాప కూడా చలించదు. చూసినవాళ్లు పోయాడనే అంటారు. లోపల మనిషి మాత్రం మెలకువగా ఉంటాడు. అన్నీ వింటూ ఉంటాడు.

ఇదంతా ఆమె చదువుకున్నదే. పదిన్నరకు అడగవలసిన ప్రశ్న ఒంటిగంటన్నరకు అడిగింది.

వంగి చెవి దగ్గర నోరు పెట్టింది.

"మహిపాల్... వినబడితే కాలి బొటనవేలు కదిలించు."

ఏమీ లేదు.

"కొద్దిగంత కదిలించు..."

ఫుస్... ఫుస్...

గోరంత. గోరంతే కదిలింది వేలు.

"పానం పోయేటప్పుడు గట్లనే కొట్టుకుంటది డాక్టరమ్మా," అన్నాడు ఉప్పలయ్య.

"మహిపాల్, ఇప్పుడు రెండు సార్లు."

ఒకటి... ఆగింది... రెండు.

ఉప్పలయ్య అక్కడికక్కడే కూలబడ్డాడు. తన రెండు చేతులు తానే చూసుకున్నాడు. "గడప దాటినంక... నేనే ఆపుదామనుకున్న గదనే రమా..." అని, లేచి, సంతకం పెట్టిన కాయితం గుంజుకుని చింపేశాడు. "జరుగు బిడ్డా. నేను నొక్కుత."

పాము మందు ఎక్కించారు. తెల్లవార్లూ వంతులేసుకుని నొక్కారు — ఉప్పలయ్య, రమ, సోమక్క, ఆటో నడిపినవాడు. మట్టెవాడ కిషన్ రావు కొడుకు కూడా వచ్చి గంటసేపు నొక్కిపోయాడు. పొద్దున ఇంకో వార్డు నుంచి మిషన్ దొరికింది.

మూడో రోజు రెప్పలు లేచాయి. ఐదో రోజు గొట్టం తీశారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం మహిపాల్ మంచం దిగి, గోడ పట్టుకుని, నాలుగడుగులు వేశాడు. చూడటానికి సిస్టర్లంతా వచ్చారట.

జనం పోయిన తర్వాత డాక్టరమ్మ అతని పక్కన కూర్చుంది. సోమక్క అక్కడే దుప్పటి మడత పెడుతోంది.

"నన్ను మాఫ్ చెయ్యి. ఆ రాత్రి నిన్ను పంపిద్దామనుకున్న."

"తెల్సు మేడం. అన్ని విన్న." గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "చిన్నాయన మాట్లాడింది గూడ విన్న."

ఉప్పలయ్య గోడకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

డాక్టరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"సంతకం పెట్టేటప్పుడు ఒక ముసలామె నన్ను పిలిచింది మహిపాల్. నీకు గూడ వినబడ్డదా?"

మహిపాల్ ఆమె ముఖంలోకి వింతగా చూశాడు.

"ఒక్కామెనేనా మేడం?"

"అంటే...?"

"కండ్లు మూసే ఉన్నయ్ గని, నా మీదికి వంగినట్టు తెలుస్తుండె. మంచం చుట్టూర శానమంది. ఆడోళ్లు, మొగోళ్లు... అందరు మిమ్ములనే పిలిచిండ్రు. 'శ్రావణి మేడం, మీరు పంపిననాడు మేం గూడ పానంతోని ఉంటిమి... మేం గూడ అన్ని వింటిమి' అనుకుంట."