నరీన్ ల్యాబ్‌లో ఆఖరి సీసా

"ప్రొఫెసర్ దూలాత్ జీపు లోయలో పడలేదు. పడేశారు."

బిష్కెక్ శివార్లలో, గొర్రెల సంత పక్కన ఆగిన పాత కారులో చీఫ్ కదిర్ సిగరెట్ వెలిగించాడు. పక్క సీట్లో ఏజెంట్ ఎర్మెక్.

"ఎందుకు, బైకే?" అన్నాడు. 'అన్నా' అని గౌరవంగా పిలిచే కిర్గిజ్ మాట అది.

"ఆకు కోసం. ఆస్పత్రుల్లో ఏ మందుకీ లొంగని క్రిమి జనాన్ని మింగేస్తోంది కదా? మాచిపత్రి జాతి ఆకొకటి దాన్ని చంపుతోందని ఆయన కనిపెట్టాడు. ఆ మొక్క పెరిగేది ఒక్క కొండవాలులో. మందు తమ గుప్పిట్లోనే ఉండాలని విదేశీ ముఠా దాన్ని తగలబెట్టింది. ఇక మిగిలింది నరీన్ ల్యాబ్‌లో ఒక్క సీసా సారం. అదీ పోతే మందు మాట దేవుడెరుగు. లోపల వాళ్ళ మనిషి ఒకరున్నారు. పట్టుకో."

"నా కవర్?"

"సీసాలు కడిగేవాడివి. నీతో ఎవరూ మాట్లాడరు."

చివరి మాట అక్షరాలా నిజమైంది. చలికాలం సగం గడిచినా ఎర్మెక్‌ని పలకరించిన నాథుడు లేడు. పెన్నులో కెమెరా ఉంది, ల్యాబ్ గోడలో దాచిన మైకుంది, "తిన్నావా?" అని అడిగే మనిషే లేడు. గూఢచారి బతుకంటే ఇంతే. సినిమాల్లో చూపించేదంతా ఒట్టిది.

ఒక్క పెరిజాత్ తప్ప. నక్కతోలు టోపీ, ఎర్ర లిప్‌స్టిక్ పెట్టుకుని ఆమె నడిచొస్తే ల్యాబంతా మెడలు తిప్పేది. ప్రొఫెసర్ పోయాక పరీక్షలన్నీ ఆమెవే. పైగా మన శాఖకి రహస్యంగా కబుర్లు అందించే మనిషి అని చీఫే చెప్పాడు.

ఒకరోజు ఆమె గాజుపళ్ళెం చూపించింది.

"ఇటు రండి, బైకే. పళ్ళెం నిండా క్రిమి. మధ్యలో ఆకుసారంలో తడిపిన కాగితం బిళ్ళ. దాని చుట్టూ చూశారా?"

బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ.

"ఒక్క క్రిమీ దగ్గరికి రాలేదు మేడమ్."

"అచ్చం మీలాగే! మీ దగ్గరికీ ఎవరూ రారుగా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుతో అతను చాలా రోజులు నెట్టుకొచ్చాడు.

అందుకే మైకులో ఆమె గొంతు పరాయి భాషలో వినిపించినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. "రేపు మధ్యాహ్నం. హెలికాప్టర్ పంపండి. సీసాతో వస్తాను." ఇంకెవరైనా అయితే ఎంత బావుండును అనుకున్నాడు. తర్వాత చీఫ్‌కి కోడ్ పంపాడు: "గుర్రానికి నాడా ఊడింది." అంటే దొంగ దొరికింది, వెంటనే రండి అని.

మర్నాడు కనుమలో మంచు పేరుకుని చీఫ్ జీపులు ఆలస్యమయ్యాయి. బయటి తలుపు పక్క టీ గదిలో ఎర్మెక్ ఒంటరిగా కాచుకున్నాడు. పెరట్లో హెలికాప్టర్ దిగింది. సీసా కోటు జేబులో, పిస్తోలు కుడిచేతిలో పెరిజాత్ వచ్చింది.

"అడ్డు రాకండి, బైకే. మీరెవరో నాకు మొదట్నుంచీ తెలుసు."

"తెలిసే మాట్లాడావా?"

"మరి మీతో ఇంకెవరు మాట్లాడతారు?"

ఆమె ఎడమచెయ్యి గొళ్ళెం తీసింది. ఎర్మెక్ దగ్గర ఆయుధం లేదు. బల్ల మీది రొట్టె ఎత్తి చాపాడు.

"రొట్టె రుచి చూడకుండా గడప దాటకూడదు, పెరిజాత్. మన ఆచారం."

"ఇప్పుడా? మతి పోయిందా?"

"ఓ తునక. అంతే."

ముఠా ఆమెకి కాల్చడం, అబద్ధమాడటం, ఏడవకుండా ఉండటం నేర్పింది. వెళ్ళబోతుంటే చాపిన రొట్టెని కాదనడం నేర్పలేదు. పోనీ ఎడమచేత్తో తుంచుదామంటే, అలా తుంచిన కిర్గిజ్ మనిషి ఇంకా పుట్టలేదు. పిస్తోలు ఎడమచేతిలోకి మారింది. కుడిచెయ్యి రొట్టె తుంచింది. ఆ క్షణంలోనే ఎర్మెక్ విసిరిన సలసల కాగే టీ ఆమె ఎడమచేతి మీద పడింది.

పిస్తోలు కిందపడింది. ఎర్మెక్ దాన్ని అందుకునేసరికి గేటు విరగ్గొట్టుకుని జీపులొచ్చాయి. హెలికాప్టర్ ఆమె కోసం ఆగలేదు. పెరిజాత్ రొట్టె తునక నమిలి, మింగి, అప్పుడు చేతులెత్తింది.

"మా నాయనమ్మ పెంపకం కొంప ముంచింది," అంది.

సాయంత్రం చీఫ్ సీసాని వెలుతురులో పెట్టి చూసుకుని మురిసిపోయాడు.

"శెభాష్! ఏం కావాలో కోరుకో."

ఎర్మెక్ కిటికీలోంచి ఖాళీ పెరడు చూశాడు.

"ముఠా ఇంకో మనిషిని పంపుతుందంటారా, బైకే?"

"పంపకుండా ఉంటారా? ఏం?"

"కాస్త త్వరగా పంపమనండి."