ఒడ్డున ఉండేవారు

ఆ ఇంట్లో పొద్దున్న ఏడింటికి బాత్రూమ్ దగ్గర జరిగే యుద్ధం ఒక్క రోజు ఆగినా, పక్కింటివాళ్ళు ఏం కొంప మునిగిందోనని తొంగిచూస్తారు. ఆ రోజు కూడా ఆగలేదు. లోపల పదిహేడేళ్ళ పెద్దది అద్దం వదలదు. బయట పన్నెండేళ్ళవాడు తలుపు బాదడం మానడు. ఆరేళ్ళ చిట్టి ఒక కాలికే సాక్స్ తొడుక్కుని, ఎవరు గెలుస్తారో చెప్పమని గోడని అడుగుతోంది. వాళ్ళ నాన్న మాత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఇవేవీ తన పిల్లల గొంతులే కానట్టు టీ తాగుతున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎంత చప్పుడులోనైనా చెవులు మూసుకోవడం ఉద్యోగం నేర్పిన విద్య.

వాళ్ళమ్మ గోడకి అంటించిన పెద్ద అట్ట ముందు నిలబడి, ఎర్ర పెన్నుతో నలభై నాలుగు కొట్టేసి నలభై మూడు రాసింది. ఇంకా నలభై మూడు రోజులు. అవి గడిస్తే విమానం, ఆ తర్వాత పరాయి దేశం, మంచు కొండలు, తాళ్ళ వంతెన, రెండు రోజుల పాటు నదిలో రబ్బరు పడవ.

ఆ అట్ట మీద రెండేళ్ళ కష్టం ఉంది. పెద్దదానికి నచ్చింది చూస్తే చిట్టికి కుదరదు, చిట్టికి కుదిరేది చూస్తే నడిపివాడు ‘ఇది పసిపిల్లల ఆట’ అని మూతి ముడుస్తాడు. తాళ్ళ వంతెనకి పదేళ్ళు నిండాలి, నదికి ఎనిమిదేళ్ళు నిండాలి, మంచు బండికి ఎవరైనా సరే. నది రోజుల్లో చిట్టిని చూసుకోవడానికి అక్కడే ఒక పిల్లల శిబిరం ఉందని వెతికి వెతికి పట్టుకుంది. ఆమె పనిచేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే లాబ్‌లో. మనిషిని చూడకుండానే ఆ నోటికి సరిపోయే పన్ను చెక్కగలదు. పదహారేళ్ళ అనుభవం ఉన్న చెయ్యి అది. అలాంటిది ముగ్గురు పిల్లలకీ సరిపడే ప్రయాణాన్ని కొలిచి కుదర్చడం తనవల్ల కాకపోతే ఇంకెవరివల్ల అవుతుంది?

ఆ అట్ట మీద రాయని సంగతి ఒకటుంది. నలభై రెండేళ్ళ వయసులో, ఎనిమిది నెలలుగా, ప్రతి ఆదివారం ఆమె ఈత నేర్చుకుంటోంది. మోకాలి లోతు నీళ్ళంటేనే వణికే మనిషి, ఐదేళ్ళ పిల్లల పక్కన తేలే పలక పట్టుకుని కాళ్ళు కొట్టింది. ముక్కులోకి నీళ్ళు పోయాయి, ఆ పిడుగులు నవ్వారు, అయినా మానలేదు. పిల్లలకి ‘నడుం నొప్పికి డాక్టరు చెప్పాడు’ అంది. అసలు సంగతి ఇంట్లో మొగుడొక్కడికే చెప్పింది.

“పడవలో ముందు వరసలో కూర్చుంటానండీ. ఈసారి సంచులు కాపలా కాస్తూ ఒడ్డున మాత్రం కూర్చోను.”

“అలాగే కెప్టెన్!” అన్నాడాయన నవ్వుతూ. అప్పట్నించీ ఇంట్లో ఆమెని కెప్టెన్ అనే పిలుస్తున్నాడు. పిల్లలకి ఎందుకో తెలియదు. ఆమెకి ఆ పిలుపు విన్నప్పుడల్లా ఒళ్ళు తేలికయ్యేది.

బల్ల మీద పెద్దదాని ఫోన్ మోగింది. ప్రయాణాల ఆఫీసు నంబరు. ఉత్తరాలూ అవీ చూడటం దానికే బాగా తెలుసని ఆ నంబరే ఇచ్చారు. పెద్దది లోపలే ఉంది కాబట్టి ఆమె తీసింది.

“నమస్తే అండీ, నది విషయం ఖరారు చేసుకుందామని చేశాను” అంది అవతలి అమ్మాయి హుషారుగా. “పడవలో ముగ్గురు, ఒడ్డు మీద కాటేజీలో ఇద్దరు. అంతే కదండీ?”

“కాదమ్మా. పడవలో నలుగురం. చిన్నది పిల్లల శిబిరంలో ఉంటుంది.”

“ఆ శిబిరం ఈ ఏడాది తెరవట్లేదండీ. మూడు వారాల కిందటే రాశాం కదా. చిన్నపాపతో పెద్దవాళ్ళు ఒకరు ఉండాలంటే, మీరే ఫారం నింపి పంపారు.” కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. “ఇదిగో. ఒడ్డున ఉండేవారు, అమ్మ. కింద సంతకం కూడా ఉంది.”

“ఎవరిది?”

“పాప నాన్నగారిదండీ.”

మళ్ళీ చేస్తానని ఎలా చెప్పిందో, ఫోన్ ఎలా పెట్టేసిందో తెలియదు. ఎదురుగా ఆయన టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

“ఎవరు కెప్టెన్?” అన్నాడు తల ఎత్తకుండా.

“ఒడ్డున ఉండేవారు అమ్మ అని సంతకం పెట్టారట. నిజమేనా?”

బిస్కెట్ సగం విరిగి కప్పులో పడింది. ఆయన దాన్ని చెంచాతో తీయడానికి చాలాసేపు ప్రయత్నించాడు. ఆ చెంచా చూస్తుంటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“అడుగుతున్నాను మిమ్మల్నే!”

“అదీ... నీకు చెబుదామనే అనుకున్నాం. సమయం చూసుకుని...”

“అనుకున్నామా? ఎవరెవరు?”

నడిపివాడికి నోట్లో నువ్వుగింజ నానదు. తలుపు బాదడం ఆపి, సాయం చేస్తున్నాననుకుని మధ్యలో దూరాడు. “అమ్మా, నాన్న తప్పేం లేదు. ఇప్పుడే చెప్తే నువ్వు బాధపడతావని, అక్కడికెళ్ళాక చెబుదామన్నాడు. అక్కడైతే నువ్వే సర్దుకుంటావు కదా అని.”

“నాకూ తెలుసు!” అని చిట్టి గెంతింది. “నువ్వూ నేనూ బాతులకి రొట్టె వేస్తాం! అమ్మకి చెప్పకు అన్నారు. నేను చెప్పలేదు కదా? మంచిదాన్ని కదా?”

ఆరేళ్ళ పిల్ల. బళ్ళో పెన్సిల్ పోయినా, పక్కింటి పిల్లికి జలుబు చేసినా, గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చి చెప్పే పిల్ల. దానిచేత కూడా మూడు వారాలు నోరు కుట్టించారు. ఇంటిల్లిపాదీ ఒక్కటై తనొక్కదాన్నీ పరాయిదాన్ని చేశారు. ఆమె కుర్చీ అంచు పట్టుకుంది.

బాత్రూమ్ తలుపు తెరుచుకుంది. పెద్దది తడి జుట్టుతో నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది, మొహం పాలిపోయింది.

“ఫారం నింపింది నువ్వేనా?” అంది ఆమె.

“నేనే.”

“నీకు చేతులెలా వచ్చాయే? ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అడగబుద్ధి కాలేదా?”

“అమ్మా, నాకు ఎలా నింపాలో తెలియలేదు. నీ పసుపు ఫైల్లో పాత ఫారాలుంటే చూసి రాశాను.” అంది పెద్దది. “నువ్వే చూడు, కావాలంటే.”

అది ఫైలు తెచ్చి బల్ల మీద గుమ్మరించింది. నీళ్ళ పార్కు. గుహల విహారం. కొండెక్కే శిబిరం. సరస్సు మీద పడవ. బళ్ళో సైకిల్ యాత్ర. ఐదు ఫారాలు. ప్రతి దాన్లోనూ ‘పాల్గొననివారు’, ‘సామాను చూసుకునేవారు’, ‘ఒడ్డున ఉండేవారు’ అని ఏదో ఒక గడి. ఐదింట్లోనూ ఒకటే మాట. అమ్మ. గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు. అవి ఆమెవే.

“ఎప్పుడూ నువ్వే రాసుకుంటావు కదమ్మా” అని పెద్దది ఏడ్చేసింది. “నీకు ఇష్టం లేదేమో అనుకున్నా.”

“మరి ఈత ఎందుకు నేర్చుకుంటున్నాననుకున్నావే?”

“నడుం నొప్పికి అన్నావుగా!”

అవును. అన్నది తనే. ఆమెకి పిల్ల మీద కోపం సగానికి సగం అక్కడే జారిపోయింది. కానీ మిగిలిన సగం తిరిగి తిరిగి ఒక్క చోటికే వచ్చి ఆగింది. నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది.

“దానికి తెలియదు. మీకు తెలుసు.”

ఆయన కప్పు పక్కకి జరిపాడు.

“మీకొక్కళ్ళకే చెప్పాను. కెప్టెన్ అన్నారు. మూడు వారాలుగా రోజూ పొద్దున్నే కెప్టెన్ కెప్టెన్ అని పిలుస్తూనే ఉన్నారు, ఆ సంతకం పెట్టాక కూడా! ఎందుకు చెప్పలేదు?”

“ఎందుకంటే...” ఆయన మెడ రుద్దుకున్నాడు. అబద్ధం దొరకలేదేమో, లేక అలిసిపోయాడేమో, నిజమే చెప్పాడు. “ఎవరో ఒకరం ఆగాలి. అడిగితే నువ్వు ఎక్కుతానంటావు. అప్పుడు నేను ఆగాలి. ఇరవై ఏళ్ళుగా లిఫ్టు గోతుల్లో దిగి, చీకట్లో గ్రీజు పూసుకుంటున్నా. నాకూ ఆ నది చూడాలని ఉంది. అందుకే అడగలేదు.”

“అడిగుంటే నేనే ఆగిపోయేదాన్నేమో!” అంది ఆమె. “ఆ సంగతి మీకూ తెలుసు. ఈ ఇంట్లో నేను దేనికి కాదన్నాను? ఒక్క మాట అడిగించుకునే పాటి మనిషిని కూడా కాకుండా పోయానా మీకు?”

ఎర్ర పెన్ను తీసుకుని చెత్తబుట్టలో పడేసింది. టిఫిన్ డబ్బా తీసుకోకుండానే లాబ్‌కి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఎవరో ముసలాయన పై పళ్ళ సెట్టు చేతిలోకి వచ్చింది. మైనం కరిగించి, చెక్కి, ఒక్కో పన్నూ కూర్చుతుంటే కళ్ళు మసకబారాయి. పక్క బల్ల ఆవిడ “కంట్లో పొడి పడిందా?” అంటే అవునంది. ఐదు ఫారాలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి. గుహల విహారం రోజు తనకి నిజంగానే భయం వేసింది. కానీ సైకిళ్ళ రోజు భయం లేదు. తొక్కాలని ఎంతో ఉంది. ఎవరూ అడగకముందే ‘నేను సామాను చూస్తాలెండి’ అనేసింది. అలా అనేసి, ఆ తర్వాత లోపల్లోపల ఉడుక్కుంది కూడా. ఎవరైనా ‘నువ్వూ రా’ అంటారేమోనని ఎదురుచూసింది. ఎవరూ అనలేదు. వాళ్ళకి అలవాటు చేసింది తనేనన్న సంగతి చేదుగా ఉంది. అంత మాత్రాన ఆ సంతకం చిన్నదైపోదు.

మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. అట్ట మీద నలభై మూడు దగ్గరే ఆగిపోయింది. బాత్రూమ్ దగ్గర యుద్ధం కూడా ఆగింది. పక్కింటావిడ నిజంగానే వచ్చి, “అంతా బాగానే ఉన్నారా?” అని అడిగి వెళ్ళింది.

ఆదివారం ఆమె ఒక్కతే ఈతకి బయల్దేరింది. వెళ్ళకూడదనే అనుకుంది. కానీ ఎనిమిది నెలలుగా అలవాటైన కాళ్ళు వాటంతటవే నడిచాయి. కాసేపు ఈదాక, ఈత నేర్పే ఆవిడ లోతు వైపు చూపించి, “ఇవాళ పైనుంచి దూకాలి. పడవ తిరగబడితే ఎవరూ మెట్లు వేసి పెట్టరు” అంది. ఆమె అంచున నిలబడింది. కింద నీళ్ళు నల్లగా కనిపించాయి. ఇక పడవే లేదు, ఎందుకొచ్చిన తిప్పలు అనుకుని వెనక్కి తిరిగింది.

తిరిగేసరికి బెంచీ మీద నలుగురూ ఉన్నారు. ఇన్ని నెలల్లో ఒక్కసారీ ఆ గుమ్మం తొక్కని నలుగురు. ఆయన ఒడిలో రెండు సంచులు, మెడలో మూడు తువ్వాళ్ళు, చేతిలో చిట్టి చెప్పులు. ఏది ఎవరిదో తెలియక, నడిపివాడి తువ్వాలు పెద్దదానికి ఇచ్చి తిట్లు తింటున్నాడు.

ఆమెని చూసి లేచి వచ్చాడు. సంచిలోంచి ఒక కాగితం తీసి అందించాడు. కొత్త ఫారం. ‘ఒడ్డున ఉండేవారు’ అన్న గడిలో, కోడి గీరినట్టుండే ఆయన అక్షరాలతో, ‘నాన్న’ అని ఉంది.

“నిన్న ఆఫీసుకెళ్ళి నేనే ఇచ్చొచ్చా. ఇది నకలు” అన్నాడు. కళ్ళలోకి చూడలేకపోయాడు. “క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు. చిట్టిచేత దాపరికం చేయించాను చూడు, అది నన్ను తినేస్తోంది.”

“రెండు రోజులూనా?”

“రెండు రోజులూ.”

ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కళ్ళు చూడగానే ఆమెకి మాట తన్నుకుంటూ నాలుక చివరిదాకా వచ్చింది. ‘పోనీలెండి, మీరే వెళ్ళండి, నేను చిట్టితో ఉంటాలెండి.’ ఎన్నిసార్లు అందో ఆ మాట! ఇప్పుడూ ఎవరూ అడగకుండానే, ఎవరూ తొయ్యకుండానే, దానంతటదే వచ్చేస్తోంది. ఈ మనిషి తనని మోసం చేసింది ఒక్కసారి. తనని తాను ఎన్నేళ్ళుగా ఇలా ఒడ్డున కూర్చోబెట్టుకుందో తలుచుకుంటే ఏడుపు ఆగలేదు. అక్కడే, తడి బట్టల్లో, అందరి ముందూ ఏడ్చింది. పెద్దది పరుగెత్తుకొచ్చి నడుం చుట్టూ చేతులు వేసింది. దాని కొత్త చొక్కా తడిసిపోయింది, అయినా వదల్లేదు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. నాలుక చివరి మాటని మింగేసింది.

“సరే” అంది. “కోపం ఇంకా పోలేదు. నాకు తెలియకుండా మళ్ళీ ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.”

“పెట్టను.”

“కెప్టెన్ అని కూడా పిలవకండి. పడవ ఎక్కి దిగాక చూద్దాం.”

“అలాగే” అన్నాడాయన బుద్ధిగా.

“అమ్మా, మరి బాతులో?” అని చిట్టి బెంగగా అడిగింది.

“నాన్న చూపిస్తాడు. నాన్నకి రొట్టె ముక్కలు చెయ్యడం నేర్పు” అంది ఆమె.

వెళ్ళి అంచున నిలబడింది. కింద నీళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి. నడిపివాడు “అమ్మా, ముక్కు మూసుకో!” అని అరిచాడు. ఈత నేర్పే ఆవిడ మూడు దాకా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండు అనకముందే ఆమె దూకేసింది.

నీళ్ళు ఎగిరి బెంచీ దాకా వచ్చాయి. ఆయన రెండు సంచులూ తడవకుండా గుండెకి హత్తుకుని, ఆమె తల పైకి తేలేదాకా ఒడ్డునే నిలబడ్డాడు.