కళ్లు మూసుకోని కెమెరా

తెల్లవారకముందే బ్యాగు సర్దుతోంది లిడియా.

కొడుకు జోనాథన్ కెమెరా బ్యాటరీలు. హెల్మెట్‌కి బిగించే క్లిప్పు. మైకులో గాలి హోరు రాకుండా తొడిగే స్పాంజి ముక్కలు... రెండు. ఉన్నాయా లేవా అని మళ్లీ మళ్లీ తడుముతోంది.

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం. జోనాథన్ ఒక బండి, చెల్లెలు జెమీమా ఒక బండి. దారంతా వీడియో.

జెమీమాకి కాబోయే భర్త సాల్మన్ రాజు వెళ్లడం లేదు. ఈ వీడియోలు వచ్చే యూట్యూబ్ చానల్ అతనూ జోనాథనూ కలిసి పెట్టిందే. పోయిన నెల జోనాథన్ అతన్ని తీసేశాడు. అయినా సాగనంపడానికి వచ్చాడు. మంచి పిల్లాడు!

ప్రయాణ ప్రార్థన చేయకుండా లిడియా ఎవర్నీ గడప దాటనివ్వదు.

తలలు వంగుతాయి. కళ్లు మూతపడతాయి. ప్రతి మలుపునూ, ఎదురొచ్చే ప్రతి లారీనీ దేవుడికి చెప్పుకుంటుంది లిడియా. చాలాసేపు.

"ఆమెన్" అని అందరికంటే గట్టిగా అన్నది సాల్మనే.

బండ్లు వెళ్లిపోతాయి.

కిటికీలో ఎర్రలైటు! పాత కెమెరా, తెరిచిన తలుపు వైపు తిరిగి ఉంది. మైకు పనిచేస్తోందో లేదో చూద్దామని పెట్టి మరిచిపోయాడు జోనాథన్. ఆపబోయి లిడియా ఇంకేదో నొక్కుతుంది. తెర మీద బొమ్మ కదులుతుంది.

తన గొంతే. తన ప్రార్థనే.

అందరి కళ్లూ మూసి ఉన్నాయి... సాల్మన్‌వి తప్ప!

మెల్లగా వాకిట్లోకి నడుస్తాడు. జోనాథన్ బండి దగ్గర వంగుతాడు. చేతిలో చాకు. బ్రేకు పైపుకి సన్నటి గాటు...

ఫోన్ చేస్తుంది. స్విచాఫ్! మైకులో గరగర వస్తుందని బండెక్కితే ఇద్దరూ ఫోన్లు ఆపేస్తారు.

సాల్మన్ ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. కెమెరా అతని మొహం ముందు పెడుతుంది.

"ఇది నువ్వే గదా?"

"అత్తా... వాన్ని కొంచెం భయపెడదామనే..."

"బండి తీయి. వాడు యాడుంటే ఆడికి."

రోడ్డు వెనక్కి పరుగెడుతోంది. టమాటా లారీలు. దుమ్ము. అతని చొక్కా పట్టుకున్న లిడియా వేళ్లు బిగుసుకుపోయాయి.

పుంగనూరు. టీ అంగడి.

జోనాథన్! ప్రాణాలతో!

లిడియా కొడుకు మొహాన్ని రెండు చేతులతో తడుముతోంది. సాల్మన్ మాత్రం పక్కనున్న బండినే చూస్తున్నాడు. అది జెమీమా బండి.

"నీ బండి యాడరా?" అంటాడు సాల్మన్.

"జెమీమా తోలుకోని పోయింది. నా బండిని ఎనక నుంచి వీడియో తీయాలంటే నేను దాని బండెక్కాల గదా. బ్యాటరీ మారుస్తాండాను. అది ముందు పోతాండాది."

సాల్మన్ అతని హెల్మెట్ లాక్కుంటాడు. రెండు హెల్మెట్లనీ కలిపే లోపలి మైకులో అరుస్తాడు.

"జెమీ, ఆపు. బండి ఆపు."

అవతల నవ్వు.

"ఏమబ్బా, రానన్నోడివి వచ్చినావే. ఈడ పెద్ద దిగుడు ఉండాది... ఉండు... బ్రేకు..."

ఆ మైకుకి లిడియా పెట్టిన స్పాంజి ఉంది. గాలి హోరు లేదు. ఊపిరి మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది.

తర్వాత అదీ లేదు.

జెమీమా తిరిగి రాలేదు. మార్చి పద్నాలుగు, శనివారం, పొద్దున.