గేటు దాటని వ్యాను

మధ్యాహ్నం 3.10. పోర్టు యార్డులో ఇరవై రెండో గడి ఖాళీగా ఉంది. పొద్దుటిదాకా అక్కడొక ఆకుపచ్చ వ్యాను నిలబడి ఉండేది.

దాని సొంతదారు కస్టమ్స్ ఆఫీసు గదిలో ఉన్నాడు. తలుపుకు బయట గొళ్ళెం. కిటికీకి ఊచలు. పాస్‌పోర్టు టేబులు సొరుగులో. ఇంటినే వీపున మోసుకు తిరుగుతాడని భార్య అతన్ని ముద్దుగా నత్త అంటుంది. ఇప్పుడా నత్తకు గుల్ల పోయింది. పాపం, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

విదేశీ బండిని ఈ దేశంలో ఆరు నెలలకు మించి ఉంచకూడదు. గడువు ఈ రోజే. బండి అయిదు గంటల ఓడ ఎక్కితే పర్మిట్ పుస్తకంలో చివరి స్టాంపు పడుతుంది. ఎక్కకపోతే, సుంకం ఎగ్గొట్టి ఇక్కడే అమ్ముకున్నాడని కేసు. అరెస్టు.

"నేనమ్మలేదు మేడమ్. అది మా ఇల్లు."

కస్టమ్స్ ఇన్‌స్పెక్టరమ్మ తలూపింది. దేనికీ తొందరపడే మనిషి కాదావిడ. ఆ నింపాదే అతని ప్రాణం తోడేస్తోంది.

3.25కు గేటు గార్డునీ, బండిని ఓడెక్కించే కాగితాల పని చూస్తున్న క్లియరింగ్ ఏజెంటునీ పిలిపించింది. నత్త భార్య అప్పటికే అక్కడుంది.

"వ్యాను ఎన్నింటికి వెళ్ళింది?"

"పదకొండూ నలభైకి మేడమ్. రిజిస్టర్లో రాశాను" అన్నాడు గార్డు.

"నడిపిందెవరు?"

"ఈయనే. ఒక్కడే."

"నేను కాదు!" నత్త లేచాడు.

"కూర్చోండి. గేట్ పాసు ఎలా ఇచ్చాడు?"

"కిటికీలోంచి. ఓ చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో పాసు."

"బండి దిగాడా?"

"లేదు మేడమ్."

"మీరు క్యాబిన్లోంచి బయటికొచ్చారా?"

"ఎందుకొస్తానండీ? ఇరవై ఏళ్ళుగా కూర్చున్న చోటే పాసులు తీసుకుంటున్నాను."

ఆవిడ రాసుకుంది. ఏజెంటు వైపు తిరిగింది.

"ఆ టైములో ఈయన మీ ఆఫీసులోనే ఉన్నానంటున్నాడు."

"కూర్చోబెట్టి బయటికెళ్ళాను మేడమ్. తిరిగొచ్చేసరికి లేడు."

"అబద్ధం! ఒంటిగంటదాకా అక్కడే ఉన్నాను" అన్నాడు నత్త. సాక్ష్యం ఎవరు? భార్య ఆ టైముకు ఓడ టికెట్ల క్యూలో ఉంది. టికెట్ మీద టైము 11.38.

"బండి రెండో తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"రూలు ప్రకారం నా దగ్గరే" అంటూ ఏజెంటు తాళం టేబులు మీద పెట్టాడు.

4.05. ఓడ మొదటి కూత వేసింది. నత్త ఊచలు పట్టుకున్నాడు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ అతని భార్యను అడిగింది. "ఈ ఆరు నెలలూ టోల్ గేట్ల దగ్గర చీటీలు ఎవరు తీసుకునేవారమ్మా?"

"నేనేనండీ. ఈయనకు అందదుగా."

"ఎందుకందదు?"

"మా బండికి స్టీరింగు ఎడమవైపు. ఇక్కడి గేట్ల క్యాబిన్లన్నీ కుడివైపు."

గార్డు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బండి లోపలికొచ్చిన రోజు డ్యూటీ మీది కాదు" అంది ఆవిడ అతనితో. "దాన్ని మీరు దగ్గర్నుంచి చూడనేలేదు. రోజూ వచ్చే లారీలను తలుచుకుని కథ అల్లారు. ఒంటరిగా నడిపే మనిషి సీటు వదలకుండా ఆ పక్క కిటికీలోంచి పాసెలా ఇస్తాడు? ఈ బండి మీ గేటు దాటలేదు."

"మరి ఎక్కడుంది?" అన్నాడు నత్త.

ఆవిడ ఫైలు తెరిచింది. "ఏజెంటుగారూ, 12.10కి మీరొక ఖాళీ కంటైనరుకు సీలు వేయించారు. ఖాళీ పెట్టెకు సీలెందుకండీ?"

"వద్దంటే విన్నావా?" గార్డు ఏజెంటు మీద విరుచుకుపడ్డాడు. "ఈయన జైలుకు పోతే బండినెవరూ వెతకరు, పార్టులుగా అమ్మేద్దామన్నావు!"

4.31. సీలు తెగింది. చీకట్లోంచి ఆకుపచ్చ ముక్కు కనిపించింది. నత్త పరుగెత్తుకెళ్ళి బానెట్‌కు చెంప ఆనించాడు.

4.52. ఓడ ర్యాంపు ముందు ఆఖరి క్యాబిన్. అదీ కుడివైపే. అలవాటుగా నత్త భార్య కిటికీలోంచి చెయ్యి చాచి పర్మిట్ పుస్తకం ఇచ్చింది. లోపల ఇన్‌స్పెక్టరమ్మే కూర్చుని ఉంది. స్టాంపు గట్టిగా కొట్టింది.

"ఆరు నెలల్నుంచీ విసుక్కుంటున్నాను కదండీ, ప్రతి గేటు దగ్గరా నేనే చెయ్యి చాచాలని" అంది భార్య.

"ఇకమీదట?" అడిగాడు నత్త.

"పోనివ్వండి ముందు."

వాళ్ళ వెనక ర్యాంపు మూసుకుంది. బయట గొళ్ళెం పడినట్టున్న ఆ చప్పుడుకు నత్త ఉలిక్కిపడి వ్యాను తలుపు వైపు చూశాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.