పదకొండు పేర్ల టేపు

సోమవారం పొద్దున తొమ్మిదైనా కాలేదు. గనుల నగరం ఓరూరోలో డిటెక్టివ్ కసిల్దా ఆర్నెస్ ఆఫీసు తలుపు ఎవరో దబదబా బాదారు. విల్బర్ మాస్టారు మొక్కజొన్న జావ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి తలుపు తీశాడు.

గుమ్మంలో అరవై దాటిన ఆడమనిషి. భుజం మీది శాలువా సగం జారి నేలను తుడుస్తోంది. అది కూడా గమనించే స్థితిలో లేదామె.

"కసిల్దా ఉందా? నా టేపులన్నీ తుడిచేశారు. ఒక్కటి మిగల్లేదు!"

విల్బర్ ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషాయన. ఇంట్లో ఊరికే కూర్చోలేక నాలుగేళ్ళ కింద కసిల్దా దగ్గర నోట్సు రాసే పనిలో చేరాడు. వయసులో తనకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్నదైనా, ఆమె బుర్రంటే ఆయనకు మహా గురి. పన్నెండేళ్ళు టెలిఫోన్ శాఖలో స్తంభాలెక్కి తీగలు కలిపిన మనిషి కసిల్దా. ఎక్కడ తెగిందో కనుక్కునేదాకా కిందికి దిగని అలవాటు ఆమెకు అక్కడే అబ్బింది.

"నిదానంగా చెప్పండి పిన్నీ," అంది కసిల్దా కుర్చీ దగ్గరికి లాక్కుని.

వచ్చినావిడ పేరు హెర్మెలింద. ఒకప్పుడు గోలోంద్రినా గని కార్మికుల రేడియోలో అనౌన్సరు. నలభై రెండేళ్ళ కింద ఆ గనిలో ఒక సొరంగం కూలింది. నలుగురే పోయారని కంపెనీ లెక్క రాసుకుంది. ఆ పొద్దున దిగినవాళ్ళు పదకొండుమందని వాళ్ళ భార్యలు నెత్తీనోరూ కొట్టుకున్నా వినే నాథుడు లేడు. మిగతా ఏడుగురూ పని ఎగ్గొట్టి పారిపోయారని పుకారు కూడా పుట్టించారు.

"దిగేవాళ్ళ పేర్లు రోజూ రేడియోలో చదివేవాళ్ళం. ఆ పొద్దున దిగిన పదకొండు పేర్లూ చదివింది నేనే. ఆ రోజు ప్రసారం టేపు రేడియో పాత గిడ్డంగిలో బయటపడింది. శుక్రవారం కోర్టులో వినిపించాలి."

"అసలు టేపు ఉందిగా?"

"ఎక్కడుంది తల్లీ! బూజుపట్టి ఉందిగా, ఒక్కసారి తిరిగి పొడిపొడిగా రాలిపోయింది. నా పాత జోడీ అనౌన్సరు ప్రిమితీవో దాన్ని రెండు వైపులూ తన కంప్యూటర్ గుండా మా ఇంట్లో ఉన్న పెట్టెలోకి ఎక్కించాడు, వేరే కాపీ ఉంచలేదు. నేను మొదటి వైపు విన్నాను. రెండోది వినే తీరిక ఇంకా చిక్కలేదు."

"పెట్టె అంటే?"

"రెండు డిస్కులుంటాయి అందులో. ప్రిమితీవో కూతురు పక్క దేశం అర్జెంటీనా నుంచి తెస్తే ఆయనే అమర్చాడు. నిన్న రాత్రి తెరిచి చూద్దును కదా, ఎక్కించిన మూడొందల టేపులూ మాయం!"

కసిల్దా అప్పటికే కోటు తొడుక్కుంటోంది. "ఆ పెట్టెలోకి కొత్తగా ఏదైనా ఎక్కించారా?"

"లేదు. మా మేనల్లుడు అబ్దోన్ రిపేరు చేసే కుర్రాడికి కబురు పెట్టాడు."

"అయితే పరుగెత్తాలి, మాస్టారూ!"

*

వాళ్ళు వెళ్ళేసరికి వెనకగదిలో ఫ్రొయిలాన్ అనే రిపేరు మనిషి స్క్రూడ్రైవరు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చెప్పుల డబ్బా అంత నల్లటి పెట్టె అలమరలో గుర్రుమంటోంది. దానికి తీగతో తగిలించి ఇంకో చిన్న డిస్కు ఉంది.

"చెయ్యి తియ్యి నాయనా," అంది కసిల్దా.

"ఏం లేదు మేడమ్, డిస్కులు శుభ్రంగా ఫార్మాట్ కొట్టేసి..."

"కొట్టావంటే నీకూ నాకూ చెడుతుంది. నిన్న ఎక్కడున్నావు?"

ఫ్రొయిలాన్ మొహం చిన్నబోయింది. "చల్లపాతాలో మా చెల్లెలి బిడ్డకి బాప్తిస్మం. శనివారం వెళ్ళినవాణ్ణి ఇవాళ తెల్లవారుజామున దిగాను. కావలిస్తే బస్సు డ్రైవర్ని అడగండి, దారి పొడుగునా నా పాటలు భరించాడు పాపం."

కసిల్దా నవ్వలేదు. తన కంప్యూటర్ తెరిచి పెట్టెలోకి ప్రవేశించి, ఎవరెప్పుడు ఏం చేశారో అది రాసుకునే చిట్టా తెరిచింది. "మాస్టారూ, కనబడ్డది కనబడ్డట్టు రాసుకోండి."

విల్బర్ కళ్ళద్దాలు సర్దుకుని తెర మీది ఆఖరి రెండు వరసలూ రాసుకున్నాడు. 'ఆదివారం, మధ్యాహ్నం 3:10. హెర్మెలింద లాప్‌టాప్. కేబుల్ ద్వారా. అన్నీ తొలగింపు.' దాని కింద, 'సోమవారం, ఉదయం 10:46. కసిల్దా. ప్రవేశం.' లాప్‌టాప్ పేరు పక్కన అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి నంబరు ఒకటుంది. కసిల్దా అడగ్గా దాన్నీ రాసుకున్నాడు. తర్వాత ఆమె పెట్టెను పద్ధతిగా ఆపి, కరెంటు తీగ పీకేసింది.

"రెండు డిస్కులున్నాయి కదమ్మా," అన్నాడు విల్బర్, "ఒకటి పోయినా రెండోది ఉండాలిగా?"

"ఒకటి పాడైతే ఉంటుంది మాస్టారూ. ఇవి అద్దంలో బొమ్మల్లాంటివి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది."

"మరి ఆ మూడోది?" హెర్మెలింద చిన్న డిస్కు వైపు ఆశగా చూసింది.

"దాన్ని ఎప్పుడూ తగిలించే ఉంచారా?"

"ఉంచాం. తీస్తే మళ్ళీ పెట్టడం మరిచిపోతామని."

"తగిలించి ఉన్నదాన్ని కూడా తుడిచేశారు పిన్నీ. కాపీ అన్నది దొంగ చెయ్యి అందని చోట ఉండాలి." ఆమె మొహం చూసి కసిల్దా గొంతు తగ్గించింది. "కానీ ఆశ వదలకండి. ఫైలు చెరపడమంటే పుస్తకంలో విషయసూచిక చింపడం లాంటిది. దాని మీద కొత్త రాత పడనంత వరకూ పేజీలు ఎక్కడికీ పోవు."

ఇంతలో అబ్దోన్ వచ్చి ద్వారబంధానికి ఆనుకున్నాడు. ముప్పై ఏళ్ళ లారీ డ్రైవరు. "నన్నేగా అనుమానిస్తారు! అత్త అప్పుడే పక్కింటోళ్ళకి కూడా చెప్పేసింది."

"చెప్పనా మరి!" హెర్మెలింద అంతెత్తున లేచింది. "చచ్చినోళ్ళ గొంతులతో ఇల్లంతా శ్మశానం చేశావు, ఆ పెట్టె తీసుకెళ్ళి చెత్తలో పారేస్తానని అన్నావా లేదా?"

"అన్నాను! కోపంలో లక్ష అంటాం!"

"నిన్న మూడు గంటలకి ఎక్కడున్నావు?" అడిగింది కసిల్దా.

"ఇక్కడే, ఇంట్లో. అంతకుముందు ఒంటిగంట నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్. గోల్ కాసింది నేనే. మూడింటికి ఇంటికొచ్చి స్నానం చేశాను."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు," అన్నాడు అబ్దోన్. అంటూనే ఆ మాట తన మీదికే వస్తుందని తెలిసి ద్వారబంధం వదిలి నిటారుగా నిలబడ్డాడు.

హెర్మెలింద పూసగుచ్చినట్టు చెప్పింది. ప్రతి ఆదివారంలాగే ప్రిమితీవో భోజనానికి వచ్చాడు. తిన్నాక తను గిన్నెలు కడుగుతుంటే ఆయన ముందుగదిలో టేపుల జాబితా చూసుకున్నాడు. రెండున్నరకు ఇద్దరూ కలిసి యూనియన్ హాలుకు బయల్దేరారు. తన లాప్‌టాప్ కూడా చేతిలోనే ఉంది. మూడు నుంచి అయిదు దాకా భర్తలు పోయిన ఆడవాళ్ళతో సమావేశం.

కసిల్దా ఆమె లాప్‌టాప్ తిప్పి అడుగున నంబరున్న చీటీని విల్బర్ నోట్సుతో పోల్చి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"పది గంటలకి నా పాత స్నేహితురాలి కార్యక్రమం వస్తుంది రేడియోలో," అంది హెర్మెలింద కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకో పది నిమిషాలుంది. మాంసం కూరి కాల్చిన సల్తేన్యాలు రెండు తిని వెళ్ళండి. వేడిగా ఉన్నాయి."

విల్బర్ రెండు కాదు, మూడు తిన్నాడు. కసిల్దా మాత్రం తినకుండా ఆయన నోట్సునే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం వాళ్ళు ప్రిమితీవో ఇంటికీ వెళ్ళారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. గొంతు ఇంకా కంచుగంటే. అంతా పోయిందని విన్నాక తనకు నిద్ర లేదన్నాడు.

"అబ్దోన్ చేసి ఉంటాడంటారా?" అడిగింది కసిల్దా.

ప్రిమితీవో చాలాసేపు టోపీ అంచు నలిపాడు. "నేనేం చెప్పగలనమ్మా... చూడని దాని గురించి."

*

మూడు రోజులు కసిల్దా ఆఫీసు తలుపు తెరవలేదు. పెట్టెలోని ఒక డిస్కును వేరే యంత్రానికి తగిలించి, దాని మీద చుక్క కూడా కొత్తగా రాయకుండా, చెరిగిన ఫైళ్ళు ఒక్కొక్కటే వెతికి పైకి లాగింది. రెండో డిస్కును తాకనే లేదు. "ఒకదాంతో తప్పు జరిగితే ఇంకోటి ఉండాలిగా," అంది. బుధవారం ఆమె రెండు గంటలు కూడా పడుకోలేదు. విల్బర్ తెచ్చిన సూపు చల్లారిపోయింది. "ఇంటికెళ్ళి పడుకోవచ్చు కదమ్మా," అన్నాడాయన. "ఏడుగురు నలభై రెండేళ్ళుగా మట్టి కింద పడుకుని ఉన్నారు మాస్టారూ. నా నిద్రకేం తొందర," అందామె.

గురువారం మధ్యాహ్నం కసిల్దా హెర్మెలింద ఇంటి ముందుగదిలో అందరినీ కూర్చోబెట్టింది. కంప్యూటర్ ఉన్నవాళ్ళు వెంట తెచ్చుకోవాలని ముందే చెప్పింది. మధ్యలో బల్ల మీద తన కంప్యూటరూ, దానికి తగిలించిన ఒక నీలం రంగు కేబులూ పెట్టింది.

"ముందు అబ్దోన్ సంగతి," అంది. "మూడూ పదికి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. అందరూ అక్కడే ఆగిపోయారు. మాస్టారూ, సోమవారం నేను పెట్టెలోకి వెళ్ళిన సమయం ఎంతని రాశారు?"

విల్బర్ నోట్సు తిప్పాడు. "పదీ నలభై ఆరు."

"ఆ తర్వాత పిన్ని ఏమన్నారు?"

"పది గంటల కార్యక్రమానికి ఇంకా పది నిమిషాలు..." విల్బర్ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. అన్నీ తన చేత్తోనే రాసుకున్నాడు. మూడు సల్తేన్యాలూ తిన్నాడు. లెక్కల మాస్టారికి ఆ గంట తేడా మాత్రం తట్టలేదు.

"ఈ పెట్టె అర్జెంటీనాలో కొన్నది. అక్కడి సమయమే చూపిస్తుంది. మనకన్నా ఒక గంట ముందు. ఎవరూ మార్చలేదు. కాబట్టి టేపులు చెరిపింది మూడూ పదికి కాదు, రెండూ పదికి. అప్పుడు అబ్దోన్ గోల్ దగ్గర నిలబడి ఉన్నాడు. చూసినవాళ్ళు అరవైమంది."

"మూడు గోల్స్ వదిలేశాను కూడా," అన్నాడు అబ్దోన్. హెర్మెలింద అతని వైపు చూడలేకపోయింది.

"ఫ్రొయిలాన్ చల్లపాతాలో ఉన్నాడు. డ్రైవర్ని అడిగాను, పాటల సంగతి నిజమే. పైగా చెరిపినవాడు ఈ ఇంట్లో కేబుల్ గుచ్చి చెరిపాడు, బయటినుంచి కాదు. చిట్టాలో హెర్మెలింద పిన్ని లాప్‌టాప్ పేరుంది. కంప్యూటర్‌కి ఏ పేరైనా పెట్టుకోవచ్చు, అయిదు నిమిషాల పని. కానీ కేబుల్ తగిలే భాగానికి తయారీలోనే ఒక నంబరు పడుతుంది. చిట్టాలో ఉన్న నంబరు పిన్ని యంత్రానిది కాదు. ఇప్పుడు మీరందరూ ఒక్కొక్కరే ఈ కేబుల్ మీ కంప్యూటర్‌కి తగిలించండి. ముందు అబ్దోన్."

అబ్దోన్ తగిలించాడు. కసిల్దా తెర చూసి తల అడ్డంగా ఊపింది. ఫ్రొయిలాన్ తగిలించాడు. అదీ కాదు. ఆమె కేబుల్ చివర పట్టుకుని మూడోమనిషి వైపు చాపింది.

ప్రిమితీవో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జిప్పు మీద చెయ్యి వేశాడు, తీశాడు.

"అక్కర్లేదమ్మా," అన్నాడు. "కలుస్తుంది."

హెర్మెలిందకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నువ్వా? ఆదివారం నా చేతి చారు తాగి... నువ్వా? కంపెనీవాళ్ళు ఏమిచ్చారు నీకు?"

"ఎవరూ ఏమీ ఇవ్వలేదు. రెండో వైపు నువ్వు వినలేదు, హెర్మెలిందా."

"నేను విన్నాను," అంది కసిల్దా. "నిన్న దొరికింది. రెండు వైపులూ దొరికాయి."

ఆమె మీట నొక్కింది. గరగరల మధ్య మొదట ఒక ఆడపిల్ల గొంతు, ఇరవై నాలుగేళ్ళ హెర్మెలింద, పదకొండు పేర్లు చదివి అందరూ క్షేమంగా పైకి రావాలని కోరింది. తర్వాత రెండో వైపు, ఆ సాయంత్రం ప్రసారం. ప్రసారం మొదలయ్యే ముందు మైకు తెరిచి ఉన్న సంగతి ఎవరూ గమనించనట్టుంది. 'ఈ నలుగురి పేర్లే చదువు,' అంటోంది కంపెనీ అధికారి గొంతు. 'మరి మిగతా ఏడుగురో, సార్?' 'దిగలేదు వాళ్ళు. నీకు పెళ్ళాం బిడ్డా ఉన్నారు కదూ? చెప్పింది చదువు.' కాగితం చప్పుడు. ఆ వెనక కంచుగంటలాంటి గొంతు నలుగురి పేర్లు చదివింది.

"నువ్వప్పుడు గని ముఖద్వారం దగ్గరున్నావు, సైనికులు నిన్ను స్టూడియోకి రానివ్వలేదు," అన్నాడు ప్రిమితీవో తల వంచుకుని. "ఆ ఏడుగురి సంగతి నాకూ తెలియదని ఇన్నేళ్ళూ అందరినీ నమ్మించాను. వాళ్ళ భార్యలతో కలిసి కూర్చున్నాను, కలిసి ఏడ్చాను. ఈ రెండో వైపు పెట్టెలోకి ఎక్కించాకే విన్నాను. శుక్రవారం ఇది వాళ్ళ ముందు మోగుతుందంటే భరించలేకపోయాను."

"అబ్దోన్‌ని దొంగంటుంటే కూడా?" అరిచింది హెర్మెలింద. "అప్పుడు ఏడుగురిని వదిలేశావు, ఇప్పుడు ఎనిమిదోవాణ్ణా?"

ప్రిమితీవో సంచీని ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు. విల్బర్‌కు ఆయన్ని చూస్తే జాలి కలిగింది, ఆ జాలి మీద కోపమూ కలిగింది.

"పోలీసుల్ని పిలవనా పిన్నీ?" అడిగింది కసిల్దా.

హెర్మెలింద లేచి ముందు అబ్దోన్ దగ్గరికి వెళ్ళింది. అతని తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆ తర్వాతే వెనక్కి తిరిగింది. "పోలీసులొద్దు. రేపు తొమ్మిదింటికి కోర్టులో ఉండు ప్రిమితీవో. టేపు కన్నా ముందు నువ్వు మాట్లాడాలి. రాకపోతే ఈ ఊళ్ళో నీతో మాట్లాడే నోరు ఉండదు."

వెళ్ళేముందు కసిల్దా టేపులన్నీ మూడు చోట్లకు ఎక్కించింది. ఒకటి పెట్టెలో, ఒకటి ఇంట్లో తీగ తగిలించకుండా అలమరలో. మూడోది ఫ్రొయిలాన్ చేతికిచ్చి చల్లపాతాలో వాళ్ళ చెల్లెలింట్లో దాచమంది. పెట్టె గడియారం కూడా సరిచేసింది.

*

శుక్రవారం ప్రిమితీవో వచ్చాడు. ఎనిమిదిన్నరకే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లోపల జడ్జి ముందు దాచకుండా అంతా చెప్పాడు. ఆ తర్వాత టేపు వినిపించారు. కంపెనీ లాయరు రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చున్నాడు. కూలిన సొరంగం తెరిచి వెతకాలని మధ్యాహ్నానికి ఉత్తర్వు వచ్చింది.

బయట గుంపు విచ్చుకుంది. ఎవరూ ప్రిమితీవోని పలకరించలేదు, ఎవరూ తిట్టలేదు. మెట్ల కింద ఎనభై ఏళ్ళ సతుర్నీనా కర్ర ఆనించి ఆయనకు అడ్డంగా నిలబడింది.

"మా ఆయన పేరు ఆ సాయంత్రం నువ్వు చదవలేదు."

"లేదమ్మా."

"ఇప్పుడు చదువు."

ప్రిమితీవో టోపీ తీశాడు. "హిలారియోన్ అయావీరి," అన్నాడు లోగొంతుతో.

"గట్టిగా! రేడియోలో చదివినట్టు చదువు."

ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకుని ఆ పేరు మళ్ళీ చదివాడు. వీధిలో పోతున్న బస్సులోంచి జనం తొంగిచూశారు. సతుర్నీనా తల పంకించి పక్కకు జరిగింది. ఆమె వెనక ఇంకో ఆరుగురు వరసలో నిలబడి ఉన్నారు.