బొగ్గు ఎందుకు తినలేదు?

ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించబోయి, సెగ తగిలి, ఆరిందా చటుక్కున వెనక్కి జరిగింది. లోపల ట్రేలో బిస్కెట్లు మెల్లగా పొంగుతున్నాయి. ఎముకల ఆకారంలో కోసినవి కాస్తా ఉబ్బిపోయి బొద్దుగా తయారయ్యాయి.

"అక్కా, అవి చెప్పులా?" పక్కన స్టూలెక్కి నిలబడ్డ చెల్లెలు అడిగింది.

"ఎముకలు! కళ్ళు పెట్టి చూడు."

చెల్లెలు కళ్ళు పెట్టి చూసింది. "చెప్పులే," అంది.

ఆరిందా అన్నది బడిలో పిలిచే పేరు కాదు. పదేళ్ళు నిండకుండానే పెద్ద ముత్తవ్వలా మాట్లాడుతుందని వాళ్ళమ్మ పెట్టిన పేరు. చెల్లెలు ఎప్పుడు చూసినా అక్క వెనకాలే తిరుగుతుంది. అందుకని ఆ పిల్ల పేరు తోక.

ఇప్పుడు ఆ ఇంట్లో నిజం తోక కూడా ఒకటి ఉంది. అది బొగ్గుది. బొగ్గు పక్కింటి టైలర్ ఆంటీ కుక్క. ఒళ్ళంతా నలుపు, మూతి చుట్టూ మాత్రం నెరిసిపోయి తెలుపు. ఆంటీ కంటి ఆపరేషన్‌కి వాళ్ళ కూతురి దగ్గరికి వెళ్తూ దాన్ని వీళ్ళింట్లో వదిలి వెళ్ళింది.

"దీనికి అన్నీ మెత్తగా మెదిపి పెట్టాలమ్మా. ముసలాడు కదా!" అని గిన్నె చేతికిచ్చి మరీ చెప్పింది.

రోజూ ఆ మెత్తటి ముద్ద చూసి ఆరిందాకి జాలేసింది. పొద్దునా అదే, సాయంత్రమూ అదే. పాపం, నోరు చచ్చిపోయి ఉంటుంది! దీనికి మంచి బిస్కెట్లు చేసి పెట్టాలి.

అమ్మ బేకరీలో పనిచేస్తుంది. తెల్లారకముందే వెళ్ళి, మధ్యాహ్నం దాటాక ఒంటినిండా వెనిల్లా వాసనతో తిరిగొస్తుంది. బిస్కెట్ల సంగతి వినగానే సరేనంది కానీ, ముందు కుక్కల డాక్టరుని అడిగి వచ్చింది.

"పంచదార వద్దు. ఉప్పు వద్దు. ఉల్లిపాయ, చాక్లెట్, ఎండుద్రాక్ష... వీటి జోలికి అసలే పోకు. కుక్కలకి అవి విషం."

"మనకి కాదుగా? వాటికెందుకు విషం?"

"మన ఒళ్ళు వేరు, వాటి ఒళ్ళు వేరు. మనకి అరిగేవన్నీ వాటికి అరగవు. ఇంకో మాట. ఓవెన్ తలుపు నేనే తీస్తాను, నువ్వు కాదు."

అలా మొదలైంది. గోధుమపిండి, ఓట్స్, ఒక గుడ్డు, ఉడకబెట్టి మెదిపిన గుమ్మడికాయ. ఆరిందా కలుపుతుంటే తోక పిండి గిన్నెలో వేలు పెట్టేది. అక్క ఆ వేలు మీద ఒక్కటిచ్చేది.

బిస్కెట్లు చల్లారాక ఇద్దరూ బొగ్గు ముందు కూర్చున్నారు.

బొగ్గు ముక్కు ఎగరేసి వాసన చూసింది. తన తోకతో టపటపా నేలని కొట్టింది. నోట్లోంచి చొంగ జారింది. ముందుకొచ్చి బిస్కెట్టు నోట కరుచుకుంది.

తర్వాత దాన్ని మెల్లగా కింద పెట్టేసింది.

"తినరా! ఎందుకు తినవు?" అంది ఆరిందా.

బొగ్గు బిస్కెట్టుని ఒకసారి నాకి, పక్కకి వెళ్ళి పడుకుంది.

ఆరిందాకి వింతగా అనిపించింది. నచ్చకపోతే తోక ఎందుకు ఊపింది? నచ్చితే ఎందుకు వదిలేసింది? ఆ బిస్కెట్టు అంచు కొరికి తనే రుచి చూసింది. అట్టముక్క నమిలినట్టుంది. కానీ తనది కుక్క నాలుక కాదు కదా!

మర్నాడు గుమ్మడికాయ మానేసి, ఉప్పు పంచదార లేని వేరుశనగ వెన్న కలిపింది. వాసన ఇల్లంతా పాకింది. ముందు గదిలో పాత మిక్సీలు బాగుచేస్తున్న నాన్న కూడా తల బయటపెట్టి, "నాకేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. బొగ్గు మాత్రం మళ్ళీ అంతే చేసింది. ఊపింది, కరిచింది, వదిలేసింది.

"కరకరలాడట్లేదు, అదీ సంగతి," అని తేల్చేసింది ఆరిందా. "అమ్మా, మీ బేకరీలో అందరూ ఏవి కొంటారు?"

"కరకరలాడేవే."

"చూశావా! ఈసారి ఇంకాసేపు ఓవెన్‌లో ఉంచు."

మూడో రకం కోడిమాంసం ఉడికించిన నీళ్ళతో కలిపారు. ఈసారి బిస్కెట్లు టేబుల్ మీద పడితే టంగుమని మోగాయి. బొగ్గు వాసనకి గిర్రున తిరిగింది. ఒకటి నోట్లోకి తీసుకుని, తల ఓరగా వంచి, ఆలోచిస్తున్నట్టు నిలబడి, మళ్ళీ కింద పెట్టేసింది.

తోక నేల మీద బోర్లా పడుకుని, చెంప బండకి ఆనించి ఇదంతా చూస్తోంది.

"అక్కా, ఇది ఈ చెంపలో పెట్టుకోదు. ఆ చెంపలోకే తోస్తోంది."

"ముందు నువ్వు లే. గౌనంతా దుమ్ము."

"కాదక్కా, చూడు..."

"నీకేం తెలుసని? నువ్వు బిస్కెట్లు చేశావా, నేను చేశానా?"

తోక మూతి ముడుచుకుని లేచింది.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర పై అంతస్తు రెండు జడల పిల్ల ఎదురైంది. "నీ బిస్కెట్లు కుక్క కూడా తినట్లేదంటగా?" అని నవ్వింది. ఆరిందా మొహం కందగడ్డయింది.

"తింటుంది. రేపు చూడు," అనేసింది.

మర్నాడు అమ్మ వెళ్ళేముందు బొగ్గు తిండి మెదిపి గిన్నెలో వేసి వంటగట్టు మీద పెట్టింది. తెల్లారి లేచి వచ్చిన ఆరిందా ఆ గిన్నె వైపు చూసింది. బొగ్గు కూడా అదే గిన్నె వైపు చూస్తోంది.

రోజూ ఈ ముద్దతో పొట్ట నిండిపోతుంటే బిస్కెట్టు ఎందుకు తింటుంది? ఆకలేస్తే అదే దారికొస్తుంది!

గిన్నెలోది ఒక డబ్బాలోకి తీసి, ఫ్రిజ్‌లో వెనక్కి తోసేసింది. గిన్నె కడిగి బోర్లించింది. నాన్న నీళ్ళకోసం వంటింట్లోకి వచ్చి బోర్లించిన గిన్నె చూసి, "అప్పుడే తినేసిందా? మంచి కుక్క," అంటూ వెళ్ళిపోయాడు. ఆరిందా ఔననలేదు, కాదనలేదు.

బొగ్గు వంటింటి గుమ్మంలోంచి కదల్లేదు. గిన్నె పెట్టే చోటు వైపు చూసేది, ఆరిందా వైపు చూసేది. కాసేపయ్యాక లేచి వచ్చి ఆమె అరచేతిలో మూతి పెట్టింది. ఆరిందాకి మనసు చివుక్కుమంది. అయినా బింకం వదల్లేదు. బిస్కెట్టు తీసి దాని ముందు పెట్టింది.

"ఒక్కటే. ఒక్కటి తిను, వెంటనే నీ గిన్నె ఇచ్చేస్తా."

బొగ్గు ఈసారి వాసన కూడా చూడలేదు. గబుక్కున నోట్లోకి తీసుకుని కొరికింది. కటుక్కుమంది.

వెంటనే కుయ్యిమని అరిచింది. అంత పెద్ద కుక్క నోట్లోంచి అంత చిన్న గొంతు రావడం ఆరిందా ఎప్పుడూ వినలేదు. బిస్కెట్టు ముక్కలు కింద పడ్డాయి. ఒకదాని మీద ఎర్రటి మరక ఉంది.

"నాన్నా! రక్తం!" అని తోక కేక పెట్టింది.

నాన్న స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. బొగ్గు అప్పటికే మంచం కిందకి దూరింది. ఎంత పిలిచినా రాలేదు. చివరికి నాన్నే దూరి, దుప్పటిలో చుట్టి ఎత్తుకున్నాడు.

కుక్కల డాక్టరు గదిలో స్టీలు బల్ల మీద బొగ్గు వణుకుతూ నిలబడింది. డాక్టరమ్మ దాని మూతి మెల్లగా తెరిచి, చిన్న టార్చి వేసి చూసింది.

"వెనక పన్ను చీలిపోయింది. ఇది ఇవాళ్టిది కాదు, చాన్నాళ్ళదే. అడుగున చీము కూడా పట్టింది. మత్తిచ్చి తీసెయ్యాలి. పొద్దున్నేమైనా తిందా?"

"తిందండీ," అన్నాడు నాన్న. "గిన్నె మొత్తం ఖాళీ చేసింది."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "అయితే ఇవాళ కుదరదు. కడుపు నిండా ఉన్నప్పుడు మత్తిస్తే ప్రమాదం. మందిస్తాను, కొంచెం ఓర్చుకుంటుంది. రేపు ఖాళీ కడుపుతో తీసుకురండి."

నాన్న సరేనని దుప్పటి సర్దసాగాడు.

ఆరిందా ఒక అడుగు ముందుకేసి ఆగింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పన్ను రేపు ఎలాగూ తీసేస్తారు. కానీ ఈ నొప్పితో రేపటిదాకా! బొగ్గు బల్ల మీంచి ఆరిందానే చూస్తోంది. అది అలిగినట్టు కూడా లేదు. అదే ఆరిందాకి తట్టుకోలేనట్టు అనిపించింది.

"అది తినలేదు," అంది.

గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, నాన్న "ఏంటీ?" అని వంగాడు.

"పొద్దున్నుంచీ ఏం తినలేదు నాన్నా. నేనే తీసేశాను. డబ్బా ఫ్రిజ్‌లో ఉంది. ఆకలేస్తే నా బిస్కెట్లు తింటుందని..."

నాన్న సర్దుతున్న దుప్పటి వదిలేసి ఆమె మొహంలోకి చూశాడు. అరిచినా బాగుండేదనిపించింది ఆరిందాకి.

"నిజమేనా?" డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. "బాగా ఆలోచించుకుని చెప్పు. దీని ప్రాణంతో పని. ఆ బిస్కెట్టు మింగిందా?"

"లేదు. కొరికి వదిలేసింది. ముక్కలన్నీ కిందే పడ్డాయి. నీళ్ళు మాత్రం తాగింది."

"అయితే ఇవాళే తీసేద్దాం." డాక్టరమ్మ లేచింది. మళ్ళీ ఆగింది. "మంచిదే అయింది కదా అనుకోకు. ఆకలి మండితే నొప్పి ఉన్నా కొరుకుతుంది. నీ బిస్కెట్టు నచ్చి కాదు."

"తెలుసు," అంది ఆరిందా కళ్ళు తుడుచుకుంటూ. కానీ ప్రశ్న లోపల ఆగలేదు. "అంత నొప్పయితే ముందే ఎందుకు అరవలేదు?"

"కుక్కలు నొప్పిని దాచుకుంటాయి. అరవకపోయినా చెబుతూనే ఉంటాయి. పట్టుకుని వదిలెయ్యడం, తల ఓరగా వంచడం, ఒకవైపే నమలడం... అవన్నీ చెప్పడమే. మీ ఇంట్లో ఎవరూ చూడలేదా?"

తోక చెయ్యెత్తింది, బడిలో ఎత్తినట్టు.

"అవును," అంది ఆరిందా. "మా చెల్లి చూసింది. నాకు చెప్పింది కూడా. నేనే విన్లేదు."

తోక చెయ్యి దించి, అక్క చెయ్యి పట్టుకుంది.

టైలర్ ఆంటీ నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చేసరికి బొగ్గు కోలుకుంది. ఆంటీ కుర్చీలో కూర్చోగానే ఆరిందా వెళ్ళి ఎదురుగా నిలబడింది. వెనక నిలబడ్డ అమ్మ ఒక్క మాట కూడా అందించలేదు. ఆరిందా గిన్నె సంగతితో సహా అంతా చెప్పింది.

ఆంటీ బొగ్గు తల నిమురుతూ విన్నది.

"గిన్నె తీసేశావన్నందుకు నాకు కోపంగానే ఉందమ్మా," అంది. "కానీ నేనూ తక్కువ తినలేదు. ముసలితనం కదా, గట్టివి నమల్లేదు అనుకున్నాను. మెత్తగా పెట్టానే గానీ, ఒక్కసారైనా దాని నోరు తెరిచి చూశానా?"

ఆ ఆదివారం మళ్ళీ పిండి గిన్నె బయటికొచ్చింది. ఈసారి గుమ్మడికాయ ఎక్కువ, పిండి తక్కువ. ఓవెన్‌లో కొద్దిసేపే ఉంచారు. వేలితో నొక్కితే సొట్టపడేంత మెత్తగా వచ్చాయి. ఆకారం సంగతి ఎవరూ ఎత్తలేదు. తోక వేళ్ళతో చుట్టిన ఉండలే అన్నీ.

ఆరిందా ఒకటి బొగ్గు ముందు పెట్టి, తను నేల మీద బోర్లా పడుకుంది. తోక పక్కనే పడుకుంది. బొగ్గు వాసన చూసి, నోట్లో వేసుకుని, ఇటు చెంపలోకి తోసి, అటు చెంపలోకి తోసి, మింగేసింది. తర్వాత తోక వేళ్ళు కూడా నాకింది.

"రెండు వైపులా!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

సాయంత్రం మిగిలిన ఉండలు డబ్బాలో పెట్టుకుని అక్కాచెల్లెళ్ళు వీధి చివరిదాకా వెళ్ళారు. అక్కడ పూలమ్మే తాత ఒకాయన ఉన్నాడు. ఆయన బుట్టల నీడలో ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. డబ్బా వాసనకి అది తల ఎత్తింది.

"కుక్కలకి పెడుతున్నారంటగా! మా దానికీ ఒకటి పడెయ్యమ్మా," అన్నాడు తాత నవ్వుతూ.

ఆరిందా డబ్బా మూత మీద చెయ్యి వేసింది. కానీ తియ్యలేదు. కుక్కకి కాస్త దూరంలో గొంతుక్కూర్చుంది.

"ఇది ఏమేం తింటుంది తాతా? తింటే పడనిది ఏదైనా ఉందా? దీని పళ్ళెలా ఉన్నాయి?"

"ఏమో తల్లీ! పెట్టింది తింటుంది. ఎప్పుడూ చూళ్ళేదే."

"అయితే చూద్దాం," అంది ఆరిందా. డబ్బా పక్కన పెట్టేసి, తోకకి చోటిస్తూ కొంచెం జరిగింది. "ఇప్పుడు దానికేం పెడుతున్నావో అదే పెట్టు తాతా. మేం ఊరికే చూస్తాం."

తాత తన రొట్టెలోంచి ఒక ముక్క తుంచాడు. కుక్క లేచి వచ్చింది. ఇద్దరు పిల్లలూ ఊపిరి బిగబట్టి, తలలు వంచి, దాని మూతి వైపే చూడసాగారు.