నిమిషం గడువు

ఆ ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టి గదంతా మసకేసింది. తడి గోడల వాసన, పాత కంప్యూటర్ ఫ్యాను రొద. తమ్ముడి గదిలో నేనూ, మరదలూ, వాళ్ల పాప పిచ్చుకా కూర్చున్నాం. తమ్ముడు పోయి ఆర్నెల్లు.

పిచ్చుక కోసం వాడో వెబ్‌సైటు తయారుచేశాడు. పిల్ల ఫోన్లో అడిగితే, వాడు తన గొంతుతో ముందే రికార్డు చేసిన కథ ఒకటి వినిపిస్తుంది. వాడి గొంతు ఇంకెక్కడా లేదు. ఒక్క కాపీ తీసిపెట్టి చావచ్చుగా, వెధవ! అనేసి నాలుక కరుచుకున్నాను.

"వారం నుంచి పలకడం లేదు వదినా. పిల్ల ముద్ద ముట్టట్లేదు," అంది మరదలు.

సర్వర్లు బాగుచెయ్యడమే నా ఉద్యోగం. ఎక్కడో అద్దెకు తీసుకున్న సర్వరు పిల్ల ప్రశ్న అందుకుని, ఈ గదిలోని కంప్యూటరుకి చేరవేసి, జవాబు పట్టుకెళ్తుంది. ఇక్కడి కంప్యూటరు ఆగిపోతే, తలుపే తెరుచుకోలేదని సర్వరు తన చిట్టాలో రాస్తుంది. ఇప్పుడలా రాయలేదు. తలుపు తీశారు, ప్రశ్న తీసుకున్నారు, నిమిషం ఆగినా పలకలేదు, వచ్చేశాను అంటోంది.

కథలున్న డిస్కు పాడైందేమోనని కంప్యూటరు ఆపి, వైరు పీకి, డిస్కు ఊడదీసి నా లాప్‌టాప్‌కి తగిలించాను. టిక్కుటిక్కుమని కొట్టుకుని ఊరుకుంది. కథలన్నీ పోయాయి. మరదలి మొహం చూడలేక నేనే ముందు ఏడ్చేశాను.

"అత్తా, ఇంకా తిరుగుతోంది!" పిచ్చుక ఫోన్లో తిరుగుతున్న చక్రం చూపించింది. నిమిషం తిరిగి ఆగింది. సర్వరు చిట్టా చూశాను.

తలుపు తీశారు. ప్రశ్న తీసుకున్నారు...

ఏ తలుపు? వైరు నేల మీద ఉంది. డిస్కు నా ఒళ్లో ఉంది.

అయినా ఆ నిమిషం గడువు ఎత్తేశాను. ఎంతసేపైనా ఆగమన్నాను. వాడి గొంతు ఒక్కసారి వినాలి నాకు. అంతే.

"మళ్లీ అడుగమ్మా," అన్నాను గుసగుసగా.

"నాన్నా, కథ చెప్పవా?"

చక్రం తిరిగింది. చాలాసేపు వాన చప్పుడే. తర్వాత ఫోన్లో... ఎవరో దూరం నుంచి నడిచొచ్చి ఆయాసపడుతున్నట్టు...

"అక్కా..."

ఏ కథలోనూ వాడు నన్ను పిలవలేదు.

"రోజూ చెబుతూనే ఉన్నా... మొదలుపెట్టేసరికి వెళ్లిపోతున్నారు..."

పిచ్చుక మొహం వెలిగిపోయింది. "ఎప్పుడొస్తావ్ నాన్నా?"

ఆపేద్దామని చెయ్యి చాచాను. మరదలు నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు వదినా... మీకు దణ్ణం పెడతాను."

ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

"తడిసిపోతున్నా... తలుపు తియ్యండి."

మరదలు దండెం మీది తువ్వాలు అందుకుని వెళ్లి వీధి తలుపు గడియ తీసింది. వెనకే పరిగెత్తాను. గుమ్మంలో ఎవరూ లేరు. జల్లు లోపలికి కొడుతోంది. ఆమె మాత్రం పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"ఎంత తడిశారో చూడండి," అంటూ తువ్వాలు ముందుకు చాపి, వదిలేసింది.

తువ్వాలు కింద పడలేదు.